శనివారాలు అమ్మినవాడు

హార్లన్ డైక్‌హౌస్‌కి ఈత రాదు.
ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

నేను టామరాక్ బోట్ కంపెనీలో సీట్లు కుట్టేదాన్ని,
మిషిగన్ సరస్సు ఒడ్డున, మస్కెగాన్‌లో.
తెల్ల వినైల్, నీలం అంచు,
ఎండకీ నీటికీ చివకని దారం.
ఇరవై ఆరేళ్లు.
వేళ్ల చివర ఇప్పటికీ సూది గుచ్చినా తెలియదు.

పద్నాలుగేళ్లకే ఇసుక కాగితం పట్టాడట.
మహోగనీ పలకలు రుద్ది రుద్ది
రాత్రిళ్లు ఎర్రపొడి తుమ్మేవాడని
వాళ్ల అక్క చెప్పేది.
తర్వాత చెక్క పోయింది, ఫైబర్‌గ్లాస్ వచ్చింది,
రెసిన్ వాసన ఊరిని తలనొప్పిలా పట్టుకుంది.
చెక్కని ప్రేమించిన ముసలాళ్లు ఇంటికి పోయారు.
హార్లన్ మాత్రం టై కట్టుకున్నాడు.

జనవరిలో షికాగో ప్రదర్శన.
బయట మోకాటి లోతు మంచు.
లోపల నీలం తివాచీ మీద మా పడవలు,
చుక్క నీళ్లు లేకుండా తళతళా.
డీలర్ల భుజం మీద చెయ్యేసి అనేవాడు:
"నేను పడవలు అమ్మను. శనివారాలు అమ్ముతాను.
ఒక్కో దాన్లో ఎనిమిదిమంది పడతారు."
తన శనివారాలు మాత్రం ఆఫీసులోనే.
వాళ్లావిడ కార్నీలియా కారు ఇంజన్ ఆపకుండా
పార్కింగ్‌లో ఎదురుచూసేది,
ఒళ్లో సాండ్‌విచ్‌ల డబ్బా.

పెట్రోలు కరువొచ్చిన ఏడాది తెడ్ల పడవలు చేయించాడు.
డీలర్లు పగలబడి నవ్వారు.
వేసవి చివరికి ఒక్కటీ మిగల్లేదు.

ప్రెసిడెంట్ అయ్యాక కూడా కుట్టుగదికి వచ్చేవాడు.
అడక్కుండా, కోటు తీయకుండా,
బకెట్ నీళ్లు సీటు మీద గుమ్మరించి
అందులోనే కూర్చునేవాడు.
తడి ప్యాంటుతో బ్యాంకువాళ్ల మీటింగుకి పోయేవాడు.
మేం నవ్వేవాళ్లం, అతను వెళ్లాక, పూర్తిగా వెళ్లాక.
ఏ కుట్టు నీరు పీలుస్తుందో
అతని తొడకి తెలుసు, మా సూపర్‌వైజర్‌కి తెలీదు.

ఓడలు బళ్లవుతాయంటారు.
మాకది సామెత కాదు, రోజూ ఉదయం ఎనిమిది గంటల పని:
పడవలు ట్రెయిలర్లెక్కి గేటు దాటేవి.
తొంభై ఒకటిలో ట్రెయిలర్లు ఖాళీగా నిలబడ్డాయి.
చక్రాల మధ్య గడ్డి మొలిచింది.

తీసేసినవాళ్ల పేర్లు రెండు వందల పన్నెండు.
కాగితం గోడకి అంటించమన్నారు లాయర్లు.
అతను క్యాంటీన్‌లో బల్లెక్కి చదివాడు
ఒక్కొక్కటీ, పోలిష్ పేర్లు కూడా, నాలుక తడబడకుండా.
వాండా ష్చెపానిక్. నూట నలభయ్యోది నాది.
మా చర్చి ఫాదర్ కూడా ఎప్పుడూ అంత సరిగ్గా పలకలేదు.
అందుకే ఇంకా కోపమొచ్చింది.
తప్పు పలికి ఉంటే
హాయిగా తిట్టుకుంటూ ఇంటికి పోయేదాన్ని.

ఆ ఏడు జీతం సగం చేసుకున్నాడని తర్వాత విన్నాను.
సగమైనా నాదానికి తొమ్మిదింతలు. లెక్క వేశాను.
మూడేళ్లకి మళ్లీ పిలిచారు. వెళ్లాను.
తిట్టుకుంటూనే, అదే కుర్చీలోకి.

అతను దిగిపోయిన రోజు
ఇత్తడి ప్రొపెల్లర్ మధ్యలో గడియారం బిగించి ఇచ్చారు.
అది నాలుగు నిమిషాలు వెనక నడిచేదట.

పోయిన అక్టోబరులో, ఊరంతా పడవలు ఒడ్డెక్కించే వేళ,
ఫోన్ చేశాడు.
ఎనభై ఏడేళ్లకి మొదటి పడవ కొనుక్కున్నాడు:
పాత టామరాక్, పదహారడుగులది,
ఎవరి పెరట్లోనో ఉడతలు కాపురం పెట్టినది.
కార్నీలియాకి ఎడమవైపు పడిపోయింది.
ఆమె ఒరిగిపోకుండా సీటు కావాలి.

రెట్టింపు అడిగాను. చెక్కు రాశాడు.

సీటు తెచ్చిన రోజు బకెట్ కోసం చూశాడు,
నడుం వంగలేదు. నేనే పోశాను నీళ్లు.
కూర్చున్నాడు. చాలాసేపు.
బొటనవేలు అంచు వెంట నడిచి ఎడమ మూల ఆగింది.
"ఇక్కడో కుట్టు తప్పావు, వాండా."
తెలుసు. విప్పనా అన్నాను.
"వద్దు. రేపు శనివారం."

ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే గుర్తొచ్చింది,
లైఫ్ జాకెట్లు కొన్నాడో లేదో
అడగనేలేదు.